ఉత్తరాది శ్రావణం

పెళ్లయ్యాక వచ్చిన మొదటి ఆషాఢం మురళీకృష్ణకు అస్సలు మింగుడు పడలేదు. ఆ నెలంతా కొత్త కోడలూ అత్తగారూ ఒకే గడప దాటకూడదని సుజనను దమ్మపేటలోని పుట్టింటికి పంపేశారు. ఆమె లేక బూర్గంపాడులోని ఇల్లు బావురుమంటోంది. రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాడు. మాట్లాడినకొద్దీ దిగులు పెరగడమే గాని తగ్గడం లేదు.

ఇది చాలదన్నట్టు ఇంట్లో కంప్యూటర్ మొరాయించింది. పాతది కాబట్టి కొత్త విండోస్ దానికి ఎక్కదు. మురళి స్నేహితుడు కోటేష్‌కు భద్రాచలంలో కంప్యూటర్ల దుకాణం ఉంది. అతను వచ్చి విండోస్ తీసేసి, దాని బదులు లైనక్స్ ఎక్కించాడు.

"అన్నీ ఫ్రీనే మురళీ. ఉత్తరాలకొకటి, పాటలకొకటి, ఫొటోలకొకటి. పాతదాంట్ల ఉన్నయన్నీ దీంట్ల దొరుకుతయ్."

అన్నీ దొరికాయి, ఒక్క పంచాంగం తప్ప. అది మురళి తండ్రి వెంకటరామారావు ఎప్పుడో విజయవాడలో కొన్న సీడీ. ఆయనకు పామాయిల్ తోట ఒక కన్నయితే ఆ పంచాంగం రెండో కన్ను. శంకుస్థాపన అయినా, బోరు వేయడమైనా, పిల్లాడి అన్నప్రాసన అయినా చుట్టుపక్కల వాళ్లు ముందు ఆయన్నే అడుగుతారు. ఆయన మీట నొక్కి, కళ్లజోడు సర్దుకుని, చెబుతాడు. ఇప్పుడు సీడీ పెడితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది," అన్నాడు ఆయన.

"బదులు ఇంకోటి దేవులాడుత బాబాయ్. జర ఆగుండ్రి," అన్నాడు కోటేష్.

నెట్‌లో నక్షత్రం అని వెతికి అతను దించిన మొదటిదాంట్లో తెర నిండా నల్లటి ఆకాశం, లెక్కలేనన్ని చుక్కలు.

"ఏందిది?"

"నక్షత్రాలు బాబాయ్. లక్షల్ల ఉన్నయ్. ఏది గావాల్నో దాని మీద నొక్కుండ్రి."

"నాకు ఇరవై ఏడు చాలు. ఇయ్యాళ ఏ నక్షత్రమో చెప్పమను."

కోటేష్ ఆకాశాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గదొక్కటి చెప్పదు బాబాయ్."

వెంకటరామారావు తువ్వాలు దులుపుకుని తోటకు వెళ్లిపోయాడు. ఆయన అటు వెళ్లాక కోటేష్‌కు ఇంకొకటి దొరికింది. కాశీలో ఎవరో చేశారట, తెలుగు అక్షరాలు కూడా పెట్టారట. అది ఎక్కించి, హమ్మయ్య అనుకుని, అతను దుకాణానికి బయల్దేరాడు.

మురళి తెర వంక చూశాడు. శ్రావణ బహుళ పాడ్యమి అని ఉంది. అతనికి తిథులూ పక్షాలూ తెలియవు. ఇంట్లో అంతటి తండ్రి ఉండగా నేర్చుకునే అవసరం రాలేదు. శ్రావణం అన్న మాట చదవడం మాత్రం వచ్చు. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. శుభస్య శీఘ్రం అనుకుని, తెరను ఫోన్లో ఫొటో తీసుకుని, తల్లికి కూడా చెప్పకుండా కారు తీశాడు.

దమ్మపేటలో అత్తగారు సందేహపడింది. "అప్పుడే శ్రావణమా బాబూ? అమావాస్య పోయినట్టు లేదే."

మామగారు ఫొటో చూసి ఆమెనే కసిరాడు. "వెంకటరామారావు గారి కంప్యూటర్లోది. ఆయన చూసుకోకుండా పంపిస్తాడా?"

వాళ్ల వాదన తెమలకముందే సుజన సంచి కారులో ఉంది. దారి పొడవునా మురళి పాటలు పాడాడు. గొంతు బాగుండదని అతనికీ తెలుసు, అయినా ఆగలేకపోయాడు.

బూర్గంపాడులో కారు ఆగేసరికి తల్లి పద్మావతమ్మ వరండాలో ఉంది. కోడల్ని చూసి లేచి నిలబడిపోయింది. "ఆషాఢంలో ఎట్లా వచ్చావే తల్లీ?"

మురళి ఫోన్ చూపించాడు. అప్పుడే తోట నుంచి వచ్చిన తండ్రి అది లాక్కుని చదివాడు.

"ఒరే, మనకు నెల అమావాస్యతో అయిపోతది. ఉత్తరాదోళ్లకు పున్నమితో అయిపోతది. నిన్ననే గదరా పున్నమి. శ్రావణం వచ్చింది వాళ్లకు. మనకింకో పక్షం ఆషాఢమే."

ఇంటి ముందు దాకా వచ్చిన భార్యను మళ్లీ దింపి రావాలి. మురళి తలెత్తి ఆమె వంక చూడలేకపోయాడు.

"నాకు తెలుసు," అంది సుజన నెమ్మదిగా. "రాత్రి డాబా మీద పున్నమి చంద్రుణ్ణి చూశాను."

"మరి చెప్పలేదేం?"

"మీరు అంత దూరం వచ్చారు కదా."

ఆ మాట పద్మావతమ్మ విన్నది. కాసేపు కోడలి వంకా, కొడుకు వంకా చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, రెండు చీరలు సంచిలో కుక్కుకుని, పెరటి గుమ్మంలోంచి బయటికొచ్చింది.

"ఇద్దరం ఒక గడప దాటకూడదు, అంతే గదా. నేను భద్రాచలంలో మా తమ్ముడింటికి పోతున్నా. అమావాస్య వెళ్లినంక వస్తా."

"మరి నా సంగతేంది?" అన్నాడు వెంకటరామారావు.

"మీకు ఆషాఢం పట్టింపు లేదు గదా," అని ఆమె ఆటో ఎక్కేసింది.

సుజన వంటకు వంక పెట్టడానికి లేదు. అయినా వెంకటరామారావుకు ముద్ద దిగడం లేదు. చెప్పింది వినడానికి మనిషి లేక, ఒక్కొక్క మాటా సగంలో ఆపేస్తున్నాడు. వారం తిరగకుండానే, తాను తిట్టిపోసిన కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన స్పీకర్ పెట్టి ఫోన్ చేయడం మురళి విన్నాడు.

"పద్మా, ఆ కాశీ పంచాంగం కూడా తప్పనడానికి లేదు. కాశీ అంటే ఏమన్నా సామాన్య క్షేత్రమా? దాని లెక్కన శ్రావణం ఎప్పుడో వచ్చేసింది."

"మీకు వచ్చిందేమో. నాకింకా ఆషాఢమే," అంది పద్మావతమ్మ. "మా మరదలూ నేనూ కరకట్ట మీద ఉన్నాం. గోదారి పెరిగింది, చూడ్డానికి ఎంత బాగుందో. ఉంటా."

మురళికి నవ్వొచ్చింది. తండ్రి మొహం చూశాక నవ్వలేకపోయాడు. ఆ దిగులు ఎలా ఉంటుందో అతనికంటే బాగా ఎవరికి తెలుసు?

"కారు తీయనా నాన్నా?"

"ఎక్కడికి?"

"భద్రాచలం. మామయ్య వాళ్ల గడప నువ్వు దాటొచ్చు గదా."

వెంకటరామారావు తిథి చూడలేదు, వారం చూడలేదు. చెప్పులు వేసుకున్నాడు.