మూడో పలక

మార్కాపురంలో పలక పెట్టెకెక్కే ముందు రెండు చేతులు మారుతుంది. ఒకరు చట్రం బిగిస్తారు. ఒకరు తడిగుడ్డతో తుడిచి, గడ్డి మధ్య పేరుస్తారు. రంగనాయకులు కార్ఖానాలో ఆ తుడిచే పని ఎలీషబాది. దుమ్ముతో పలక పంపిందని పదకొండేళ్లలో ఎవరూ ఆమెను అనలేదు.

1942 సెప్టెంబరులో సర్కారు యుద్ధం పేరుతో రైతుల బండ్లను, ఎడ్లను పట్టుకుపోతోంది. ఎందుకని అడిగిన రెండు ఊళ్ల మీద సామూహిక జరిమానా వేసింది. ఉత్తరాలు విప్పి చదువుతోంది. అందుకని బేస్తవారిపేట బడికి వెళ్లే పలకల పెట్టెలో రంగనాయకులు కబుర్లు పంపేవాడు. పైనుంచి మూడో పలక మీద బలపంతో రాసేవాడు. ఏమీ రాయకపోతే, అనుకున్నది అనుకున్నట్టే జరగాలని అర్థం. అందుకునేది ఆ బడి పంతులు కరుణాకరం, ఎలీషబా తమ్ముడు.

అనుకున్నది ఇది. సోమవారం పదకొండు గంటలకు పన్నెండు మంది బేస్తవారిపేటలోని సర్కారు కచేరీలోకి నడిచి వెళ్లాలి. ఈ రోజునుంచి ఈ ఫిర్కా ఊళ్లలో ఈ ప్రభుత్వం చెల్లదని, తమ ప్రభుత్వాన్ని తామే నడుపుకుంటామని కరుణాకరం కాగితం చదవాలి.

శుక్రవారం రంగనాయకులుకు ఒక సంగతి తెలిసింది. కర్నూలు నుంచి వచ్చిన రిజర్వు పోలీసులు తుపాకులతో కచేరీ లోపలే ఉన్నారు. గడప దాటినవాళ్లను కాల్చమని ఉత్తర్వు. అతను మూడో పలక మీద 'ఆపండి' అని రాసి పెట్టె పంపించాడు.

సోమవారం ఉదయం ఏడింటికి పనిలోకి వచ్చిన ఎలీషబాను పక్కకు పిలిచి, నీ తమ్ముడికి భయం లేదు, శుక్రవారమే పలక మీద రాసి పంపానని చెప్పాడు. ఆమె చేతిలోని గుడ్డ కింద పెట్టింది.

"ఏ పలక, శెట్టిగారూ?"

"మూడోది. నువ్వు పేర్చినంక తీసి, రాసి, మళ్లా పెట్టినా."

"మేకులు కొట్టేముందు గడ్డి సర్దుదామని విప్పినా. గీతలుంటే తుడిచినా."

ఆమెకు చదువు రాదు. పలక మీద తెల్లగా ఏదున్నా ఆమెకు దుమ్మే. ఎదురు దుకాణం అరుగు మీద మూడు రోజులుగా ఒక మఫ్టీ పోలీసు కూర్చుని ఉన్నాడు. వాడి కళ్లుగప్పి రంగనాయకులు ఊరు దాటలేడు. తంతి ఇస్తే ముందు పోలీసులే చదువుతారు. కొత్త పలక మీద అదే మాట రాసి ఆమె సంచిలో పెట్టాడు. కచేరీలో తుపాకులున్నాయని, తన చేతిరాత చూస్తేనే వాళ్లు నమ్ముతారని చెప్పి బస్సుకు పంపాడు.

అది పెట్రోలు కొరతతో బొగ్గు గ్యాసు మీద నడిచే బస్సు. పొయ్యి రాజుకునేసరికి ఎనిమిదయింది. బేస్తవారిపేట పొలిమేరలో ఇద్దరు జవాన్లు ఆపి సంచులు విప్పించారు.

"ఒక్క పలకేంది? ఈ వయసులో బడికి పోతున్నావా?"

"మేనల్లుడు పగలగొట్టుకున్నాడు, దొరా. దుమ్ము పట్టింది, తుడిచిస్తా."

ఆమె సంచిలోనే కొంగుతో పలకను తుడిచి, బయటికి తీసి ఇచ్చింది. జవాను దాన్ని తిప్పి చూసి ఆమె ఒళ్లో పడేశాడు.

దిగేసరికి పదకొండు కావస్తోంది. పన్నెండు మంది బజారులోకి వచ్చేశారు. ముందు కరుణాకరం, పక్కన బాలయ్య. బాలయ్య బండినీ ఎడ్లనూ ఆగస్టులో తీసుకుపోయారు. కచేరీ వంద గజాలుంది. కిటికీలు తెరిచి ఉన్నాయి. ఆగమని అరిస్తే లోపలివాళ్లు బయటికొస్తారు.

ఎలీషబా చెప్పులు వదిలేసి, గుండెలు బాదుకుంటూ తమ్ముడికి ఎదురు వెళ్లింది.

"నాయన పోయినాడు, తమ్ముడా."

వాళ్ల నాయన పోయి ఎనిమిదేళ్లయింది. కరుణాకరం ఆమె ముఖం చూసి కాగితం మడిచాడు. ఆ వైపున చావు కబురు తెచ్చినవాళ్లు, విన్నవాళ్లు చెప్పులు విప్పుతారు. విన్నవాణ్ణి ఒంటరిగా పంపరు. వెంట ఉన్నవాళ్లు చేతిలో పని వదిలి అతనితో నడుస్తారు. పదిమంది చెప్పులు విప్పి వెనక్కి తిరిగారు.

బాలయ్య తిరగలేదు. ఆ నాయన గుంట తవ్వినవాళ్లలో అతనొకడు.

"అందరం తిరిగితే అనుమానపడి ఇండ్ల మీద పడతారు. ఒకడు పోవాల," అన్నాడు మెల్లగా.

కరుణాకరం కాగితం ఇవ్వబోయాడు.

"నాకు చదువొస్తదా? విన్నది చెప్తా. నువ్వు అక్కను పట్టుకో."

బాలయ్య ఖాళీ చేతులు కనబడేలా పెట్టుకుని కచేరీ మెట్ల దాకా వెళ్లాడు. గడప దాటలేదు. బయటే నిలబడి, ఈ రోజునుంచి ఈ ప్రభుత్వం మాది కాదని చెప్పాడు. ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి, మిగతా ప్రభుత్వం ఎక్కడరా అని అడిగాడు. చావుకు పోయిందని బాలయ్య చెప్పాడు. తుపాకులు పేలలేదు. లాఠీలు పడ్డాయి.

బాలయ్యకు పద్దెనిమిది నెలల శిక్ష పడింది. ఆరో నెలలో జైల్లో జ్వరంతో చనిపోయాడు. శవాన్ని ఇవ్వలేదు. కబురు మొదట రంగనాయకులుకు తెలిసింది. తాను మనిషిని పంపుతానన్నాడు. ఎలీషబా ఒప్పుకోలేదు. గుడ్డ పిండి ఆరేసి బస్సెక్కింది.

బాలయ్య భార్య సరస్వతమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. ఎలీషబా వాకిలి బయట వీధిలోనే చెప్పులు విప్పింది. ఈసారి గుండెలు బాదుకోలేదు. సరస్వతమ్మ ఆ చెప్పులను చూసి, చేట పక్కన పెట్టింది.