మడుగు పేరుకు మూడు ప్రకటనలు

ఆ ఊరి చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పవచ్చని. నిరుడు కొత్తగా వచ్చిన పాస్టరు ఆనంద్ పాల్ గారికి ఆ పద్ధతే ఊరి చుట్టూ ఉన్న చోట్ల పేర్లకూ పెట్టాలని తోచింది. చేపల చెరువులు తవ్వీ తవ్వీ ఏది దిబ్బో, ఏది బళ్లు నడిచే పుంతో తెలియకుండా పోతోంది కదా! పేర్లన్నీ పోగుచేసి చర్చి గోడ మీద పటం వేయిద్దామని, ఆ పని బడిపంతులమ్మ మెర్సీకి అప్పగించారు. తప్పుంటే సంఘమే లేచి చెబుతుందని ఆయన ధీమా.

లేవకుండా ఉంటుందా మరి? మొదటి ఆదివారమే కాకుల దిబ్బ కాదు, కొంగల దిబ్బ అని ఒకరు. మా తాత పేరున్న పుంత ఏదని ఇంకొకరు. అన్నాల వేళ దాటినా ఎవరూ కదల్లేదు.

మెర్సీ ప్రాణమంతా ఒక్క పేరు మీదే ఉంది. కొల్లేటి వైపు కాలువ మలుపులో ఒక లోతైన మడుగు ఉంది. ఆమె పసితనంలో నాన్న ఎలీయాజరు నడిపే దోనె అక్కడే తిరగబడి ఆయన పోయారు. ఆయన ఫొటో కూడా ఇంట్లో లేదు. పేర్ల కోసం తిరిగినప్పుడు ఏ గుమ్మంలో అడిగినా ఒకటే మాట, దానికి పేరేమీ లేదని. జానెడు బోదె కాలువకి కూడా పేరున్న ఊళ్లో అంత మడుగుకి లేకపోవడమేమిటని ఆమెకు తట్టనే లేదు. ఆశ మనిషిని అంత గుడ్డిదాన్ని చేస్తుంది. ఎలీయాజరు మడుగు అని తనే రాసేసింది.

రాసిన దగ్గర్నుంచీ కంటిమీద కునుకు లేదు. బళ్లో చెప్పిన పాఠమే మళ్లీ చెప్పి పిల్లల ముందు నవ్వులపాలైంది. రెండు ఆదివారాలు ఆ పేరు చదివితే అందరూ తలలు వంచుకున్నారే గాని నోరు మెదపలేదు.

మూడో ఆదివారం పాస్టరుగారు ఆ పేరు చదవగానే ముందు చాప మీద నుంచి ముసలి పాపమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది.

"అభ్యంతరం ఉందండీ అయ్యగారూ. దాన్ని మేం సువార్త మడుగు అంటామండీ."

సువార్త ఎవరని ఆయన అడిగారు.

"నా కూతురండీ. ఆ రోజు బడికని ఎలీయాజరు దోనె ఎక్కింది, మళ్లీ రాలేదు. మెర్సీ అడగడానికొస్తే పేరు లేదని అందర్నీ చెప్పమన్నది నేనే. తండ్రి లేని పిల్లకి ఈ బాధ కూడా ఎందుకని. కానీ గోడ మీద వేరే పేరెక్కితే, ఇక నా పిల్ల పేరు తలిచేవాళ్లుండరండీ."

ఊరంతా కూడబలుక్కుని తన దగ్గర దాచారని మెర్సీకి ఒళ్లు మండింది. పాపమ్మ ముఖం చూశాక ఆ మంట నిలవలేదు, సిగ్గేసింది. రెండు పేర్లూ రాద్దామని పాస్టరుగారు సర్దబోయారు. మెర్సీ లేచి నిలబడింది.

"వద్దండీ అయ్యగారూ. సువార్త మడుగనే రాయించండి."

పాపమ్మ చాపలు దాటుకుంటూ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మీ నాన్నకి ఈతొచ్చమ్మా. ఒక్కడే అయితే గట్టెక్కేవాడు. బయటికి తీసినప్పుడు నా పిల్ల ఆయన చంకలోనే ఉంది."