అండాలు అనని మాట

చింతమడుగులో అండాలు ముందు ఆమె కోడలి పేరు ఎత్తితే ఆ పూట పని ఆగినట్టే. జఫర్‌గఢ్ అంగడికి కూరగాయలకని పోయి, కోడలి ముచ్చట్లలో పడి, ఖాళీ సంచీతో తిరిగొచ్చిన మనిషి ఆమె. భర్త సదానందం నెమ్మదస్తుడు. జర తక్కువ చెప్పు, దిష్టి తగులుతదని మొత్తుకునేవాడు. తగిలితే తీయడానికి నేను లేనా అనేది అండాలు.

అంత గొప్ప ఏముందయ్యా అంటే, ఉంది. కోడలు లత ఊళ్లోనే ఆన్‌లైన్ సెంటరు నడుపుతుంది. పింఛను దరఖాస్తులు, రేషన్ కార్డులో పేర్లు, ఊరి కాగితాలన్నీ ఆమె చేతి మీదుగానే పోతాయి. పొలం పనులకు వేళ్లు అరిగిపోయి వేలిముద్ర పడని ముసలివాళ్లు వస్తే, వాళ్ల చేతులు తన కొంగుతో తుడిచి మళ్లీ మళ్లీ పెట్టిస్తుంది, పడేదాకా ఊరుకోదు. ఈసారి సర్పంచ్ సీటు ఆడవాళ్లకు రాగానే ఊరు సగం ఆమెనే నిలబడమంది. నిలబడింది.

పోటీకి లీలావతి నిలబడింది. నిలబడింది అనడం కూడా ఎక్కువే, ఆమె భర్త జగపతి నిలబెట్టాడు. అంతకుముందు రెండుసార్లు సర్పంచ్ చేసిన మనిషి, భూమీ ట్రాక్టర్లూ ఉన్నవాడు, ఊళ్లో అందరూ దొరా అని పిలిచేవాడు. పోస్టర్ మీద తన బొమ్మ పెద్దది వేయించి, పోటీ చేసే భార్య బొమ్మ మూలకు వేయించాడు. ప్రచారం మొదలైన కొత్తలో తన వాకిట్లో నలుగురి మధ్య కూర్చుని, "ఆమెది సంతకం, సర్పంచ్‌ను నేనే" అని పకపకా నవ్వాడు. అక్కడున్న వాళ్లలో ఎవరో దాన్ని వీడియో తీసి ఊరంతా తిప్పారు. ఆ నవ్వు ఆడవాళ్లకు ఒళ్లు మండించింది, అప్పటినుంచి గాలి లత వైపు మళ్లింది.

పోలింగ్ ఇంకా వారం ఉందనగా ఇంకో వీడియో వచ్చింది.

అండాలు పొద్దున్నే పాలు పోయడానికి పాలకేంద్రానికి పోయింది. అక్కడ ఒక ఫోను చుట్టూ మూగిన జనం ఆమెను చూసి నోళ్లు మూసుకున్నారు. తండా నుంచి వచ్చే గంగాబాయి మాత్రం దాపరికం తెలియని మనిషి. ఫోను తెచ్చి అండాలు ముఖం ముందు పెట్టింది. అందులో లత తన సెంటర్లో, తన కుర్చీలో కూర్చుని మాట్లాడుతోంది. ముసలోళ్లకు పింఛన్లెందుకు, కల్లు తాగడానికే కదా, నేను గెలిస్తే సగం పేర్లు కొట్టేయిస్త అంటోంది. ముఖం లతదే. గొంతు లతదే. మాట మధ్యలో తల కొంచెం పక్కకు వంచడం కూడా లతదే.

"నా కోడలు గా మాట అనలే," అంది అండాలు.

"కండ్లార జూసినంక గూడ గట్లంటవేంది అక్కా," అంది గంగాబాయి. ఆమె గొంతులో కోపం కంటే బాధ ఎక్కువుంది. ఆమె పింఛను పెట్టించింది లతే మరి.

అండాలు తెచ్చిన పాలు పోసింది. ఖాళీ క్యాను పట్టుకుని తల ఎత్తుకునే ఇంటిదాకా నడిచింది.

ఇంట్లో లత మంచం మీద కూర్చుని ఏడుస్తోంది. ఆమె ఫోనుకు అప్పటికే వీడియో వచ్చింది, దాని వెంట తిట్లూ వచ్చాయి. అత్త లోపలికి రాగానే, నువ్వు అన్నవా అని అడుగుతుందేమోనని తల ఎత్తి భయంగా చూసింది. అండాలు అడగలేదు. కాళ్లు కడుక్కుని చాయ్ పెట్టి, గ్లాసు కోడలి చేతికిచ్చి, ఎదురుగా పీట వేసుకు కూర్చుంది.

"ఎవడు జేసిండో పోలీసోళ్లు జూసుకుంటరు. ఎట్ల జేసిండో నాకు జెప్పు బిడ్డా."

లత ముక్కు చీది చెప్పడం మొదలుపెట్టింది. బతుకమ్మ నాటి వీడియోలు, ప్రచారంలో మైకు పట్టుకున్న వీడియోలు ఊళ్లో అందరి ఫోన్లలో ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌కు ఇస్తే చాలట. నవ్వితే బుగ్గ ఎట్లా ముడుచుకుంటుంది, ఏ మాటకు పెదవులు ఎట్లా కలుస్తాయి, రెప్ప ఎప్పుడు పడుతుంది, అన్నీ అది చూసి చూసి నేర్చుకుంటుంది. గొంతు నేర్చుకోవడానికి కొద్దిసేపటి మాట సరిపోతుంది. ఆ తర్వాత ఏ మాట రాసిస్తే ఆ మాట ఆ గొంతుతో పలికి, ఆ పలుకుకు సరిగ్గా పెదవులు కదిలిస్తుంది. దీన్ని డీప్‌ఫేక్ అంటారు. మొదట్లో చెవి కమ్మలు అదరడమో, పళ్లు మసకబారడమో చూసి పట్టుకునేవాళ్లు. ఇప్పుడు కంటితో పట్టుకోవడం కష్టం.

ఆ మధ్యాహ్నమే లత, ఆమె భర్త యుగేందర్ స్టేషన్‌కు పోయి ఫిర్యాదు ఇచ్చి వచ్చారు. ఎవరు చేశారో కనిపెడతామన్నారు, సమయం పడుతుందన్నారు. సమయమే వాళ్ల దగ్గర లేదు. అది నేను కాదని లత వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన మాటను పట్టించుకున్నవాళ్లు లేరు. సెంటరు ముందు ఎప్పుడూ నిండుగా ఉండే అరుగు మీద రెండు రోజులు ఒక్క ముసలి మనిషి కూర్చోలేదు. ఓడిపోతే ఓడిపోత అత్తమ్మా, గంగాబాయి నా ముఖం జూస్తలేదు, గదే ఓర్సుకోలేకపోతున్న అంది లత. ఆ మాట అండాలు గుండెలో గుచ్చుకుంది. ఆలోచించి ఆలోచించి మూడోనాడు కోడలి ముందుకొచ్చింది.

"నాది గూడ ఒకటి జెయ్యి. నా నోట ఏ మాట రాదని ఊరందరికి ఎరుకో, గా మాటనే అనిపియ్యి."

లత ముందు వద్దంది, తర్వాత ఊరిని ఒకచోట కూర్చోబెట్టి చూపిద్దామని ఒప్పుకుంది. అత్త పాత వీడియోలు, గొంతు తీసుకుని సెంటర్లో కూర్చుని తయారుచేసింది. ఏం మాట అనిపించాలో అండాలే చెప్పింది. చెబుతూ చెబుతూ తానే నవ్వింది. కానీ పూర్తయిన వీడియో చూసినప్పుడు ఆమె నవ్వు సగంలో ఆగింది. నేను సచ్చినంక గూడ గిది మాట్లాడ్తదా అని అడిగింది. మాట్లాడ్తదత్తమ్మా, మీటింగ్ కాంగనే తీసేస్త అంది లత.

ఇక జనాన్ని రప్పించడం ఎట్లా అనేది మిగిలింది. ఫోనులో పెడితే నమ్మరు, చాటింపు వేయిస్తే రారు. అండాలు దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణ తీసింది. పెండ్లికి పిలిచినట్టు ఇంటింటికీ పోయి, ఆడవాళ్లకు బొట్టు పెట్టి పిలుద్దామంది. చింతమడుగులో బొట్టు పెట్టి పిలిచిన చోటికి ఎంత పగ ఉన్నా పోవాల్సిందే. బొట్టు పెట్టుకోని ముసలమ్మలను రెండు చేతులూ పట్టుకుని పిలిచింది. జగపతి ఇల్లు రాగానే లత ఆగిపోయింది. అండాలు ఆగలేదు. బొట్టు పిలుపుకు ఒక్క గడప తప్పినా అది పిలుపు కాదని, గేటు తీసుకుని లోపలికి పోయి, లీలావతి నొసట కుంకుమ దిద్ది, రేపు సాయంత్రం బడి దగ్గరికి రా చెల్లె అని చెప్పి వచ్చింది. లీలావతి గడప దాకా సాగనంపింది, అంతే.

మర్నాడు బడి ఆవరణ నిండిపోయింది. ఆడవాళ్లు చాపల మీద, మగవాళ్లు గోడల వెంట. లీలావతి వచ్చి వెనక వరసలో కూర్చుంది. పిలుపు లేకున్నా జగపతి కూడా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. ముందు కట్టిన తెల్లబట్ట మీద ప్రొజెక్టరుతో అండాలు ముఖం కనపడింది. "నా కోడలికి ఓటెయ్యకుండ్రి. అది పనికిమాలింది. జగపతి దొరకు మించిన దేవుడు లేడు, ఆయన కాళ్లు మొక్కుండ్రి," అంది ఆ ముఖం.

 ముందు గంగాబాయి నవ్వు మొదలుపెట్టింది. అది అంటుకుని చాపల మీద ఆడవాళ్లంతా దొర్లారు. అండాలు నోట కోడలు పనికిమాలిందన్న మాట వినడం, అదీ జగపతి పొగడ్తతో కలిపి వినడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. లత లేచి ఎట్లా చేసిందో చెప్పింది, తన మీద వచ్చిందీ ఇట్లాంటిదే అంది. గంగాబాయి కండ్లు తుడుచుకుంటూ లేచి వచ్చి లత చెయ్యి పట్టుకుంది. అండాలు ఛాతీ ఉబ్బింది. ఉపాయం తనది కదా మరి.

అప్పుడు జగపతి గేటు దగ్గరి నుంచి గొంతు పెంచాడు.

"విన్నరు గదా. గీమెకు దొంగ వీడియోలు జేసుడు వచ్చునని గీమెనే ఒప్పుకున్నది. నేను సర్పంచ్‌నని నవ్విన వీడియో గూడ గీమె జేసిందే. నేను గా మాట అననే అనలే."

నవ్వులు ఆగిపోయాయి. జనం లత వంక చూశారు, చేతిలోని ఫోన్ల వంక చూసుకున్నారు. నిజమే కావచ్చు అని ఎవరో అన్నారు. అండాలు కోడలి పక్కకు వచ్చి నిలబడింది. ఊరికి కళ్లు తెరిపిద్దామని తాను చేసిన పని, కళ్లతో చూసిన నిజాన్ని కూడా కాదనడానికి ఆ మనిషికి పనికొచ్చింది. కోడలిని తానే ముంచానా అనుకుంది.

లత మాత్రం తొణకలేదు. "దొర అన్నదాంట్ల ఒకటి నిజం. నా వీడియో నమ్మకుండ్రి, ఆయన వీడియో గూడ నమ్మకుండ్రి. నేనెట్లాంటిదాన్నో నా దగ్గర కాయిదాలు రాపిచ్చుకున్నోళ్లను అడుగుండ్రి. ఆయన గా మాట అన్నడో లేదో, గప్పుడు ఆయన వాకిట్ల ఉన్నోళ్లను అడుగుండ్రి," అంది.

గోడల వెంట నిలబడ్డ మగవాళ్లలో ఆ రోజు ఆ వాకిట్లో ఉన్నవాళ్లు ఉన్నారు. ఒక్కొక్కరూ తల దించుకున్నారు. దొర ట్రాక్టరు లేనిదే వాళ్ల పొలం దున్నుడు లేదు. 

వెనక వరసలో లీలావతి లేచింది. అండాలు దిద్దిన బొట్టు ఆమె నొసట అట్లాగే ఉంది.

"అన్నడు," అంది. "నేను చాయ్ గ్లాసులు పట్టుకొని తలుపుల నిలవడి ఉన్న. నా ముంగటనే అన్నడు, నవ్విండు. గది మిషిన్ జేసిన మాట కాదు." ఊపిరి తీసుకుని భర్త వైపు తిరిగింది. "నేను పోటీల నుంచి తప్పుకోను. ఓటేస్తే నాకెయ్యుండ్రి, లేకుంటే లతకెయ్యుండ్రి. గెలిస్తే మాత్రం సంతకం నాదే, సర్పంచ్‌ను గూడ నేనే."

జగపతి భార్య వెంట వస్తుందేమోనని చూసి, ఒక్కడే గేటు దాటి పోయాడు. లీలావతి చాప మీద కూర్చుంది. పక్కనున్నామె జరిగి చోటిచ్చింది.

లత గెలిచింది. గెలిచిన నాడు డప్పులు మోగాయి, సదానందం సైతం రెండు అడుగులు వేశాడు. అయినా అండాలు ఈనాటికీ అంగట్లో నిలబడి గర్వంగా చెప్పేది ఆ డప్పుల సంగతి కాదు, బడి నుంచి ఇంటికి నడిచిన ఆ సాయంత్రం సంగతి.

ఆ సాయంత్రం దారిలో లత వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ నడిచింది. ఆడవాళ్లంతా లీలావతి చుట్టూ మూగడం ఆమె చూసింది. గెలుపు అటు మళ్లిందేమోనన్న భయం ఆమెకు లేకపోలేదు.

"గామె గెలుస్తదేమో అత్తమ్మా," అంది చివరికి.

అండాలు నడక ఆపలేదు.

"గెలువనీ బిడ్డా. నువ్వు గెలిచినా, గామె గెలిచినా, ఇగ మనూరికి సర్పంచ్ ఉన్నట్టే."