నెగెటివ్ వచ్చాక

భర్త జక్రయ్యకు కరోనా నెగెటివ్ వచ్చిందని చెప్పగానే రెబ్కా ఆసుపత్రి మెట్ల మీదే మోకాళ్లూని ప్రార్థన చేసుకుంది. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, మోసే మనిషి జక్రయ్య. ఏళ్ల తరబడి మిరప ఘాటు పీల్చిన ఆ ఊపిరితిత్తులు కరోనాకు తట్టుకోలేవని చుట్టాలంతా ఆశ వదులుకున్నారు. రెబ్కా వదల్లేదు. "ఇంటికాడే ఉంటానే, నన్ను ఆ అద్దాల గదిలోకి తొయ్యమాకే" అని ఆయన బతిమాలినా వినకుండా, తమ్ముడు ప్రభును వెంటేసుకుని వాళ్ల కాళ్లూ వీళ్ల కాళ్లూ పట్టుకుని ఐసీయూలో మంచం సంపాదించింది.

కబురు తెలిసి వాళ్ల ఊరు పెదకాకానిలో చర్చి సంఘమంతా కృతజ్ఞతా ప్రార్థన పెట్టుకున్నారు. గొంతులో పెట్టిన వెంటిలేటరు గొట్టం తీసేసి వార్డులోకి మారుస్తామన్నారు డాక్టర్లు. మార్చేలోపే జ్వరం తిరగబెట్టింది.

"మళ్లీ కరోనానా డాక్టరమ్మా?"

డాక్టరు మాధురి ఇంకా చిన్నపిల్ల. మాస్కు ఒరుసుకుని ముక్కు మీద పుండు పడింది. "కరోనా పోయిందమ్మా. ఇది వేరే బాక్టీరియా. రక్తంలోకి పాకింది. ఏ మందుకీ లొంగట్లేదు. ఆఖరి మందు ఎక్కిస్తున్నాం, దానికి కిడ్నీలు తట్టుకోవాలి."

"యార్డు మొహం చూసి ఎన్నాళ్లయిందో. ఈ మాయదారి జబ్బు ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడమ్మా?"

మాధురి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఆయన తెచ్చుకోలేదు. ఇక్కడే అంటుకుంది. పక్క మంచాల వాళ్లకీ ఉంది. అందరికీ ఒక్కతే నర్సు, గ్లౌజులు మార్చుకునే తీరిక లేదు. పైగా వచ్చినవాళ్లందరికీ పెద్ద పెద్ద యాంటీబయాటిక్సు ఎక్కించాం. అవి కరోనాకి పనిచెయ్యవు."

"పనిచెయ్యవని తెలిసే ఎక్కించారా?"

"ఊరికే చూస్తూ కూర్చోలేక..." మాధురి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు చూస్తే రెబ్కాకు ఇంకా ఒళ్లు మండింది. ఏడ్చే హక్కు కూడా వీళ్లకేనా అనుకుంది.

ముందు కిడ్నీలు పోయాయి. తర్వాత జక్రయ్య పోయాడు.

"మా బావకి నెగెటివ్ వచ్చిందయ్యా!" అని ప్రభు కేకలేస్తే, ఆసుపత్రి మేనేజరు దూరంగా నిలబడే జవాబిచ్చాడు. "కరోనా కేసులు అంతేనండీ. మన చేతుల్లో ఏముంది?"

శవం కోసం రెబ్కా ఐసీయూ తలుపు దగ్గర నిలబడి ఉండగా ఒకావిడ స్ట్రెచర్ తోయించుకుంటూ వచ్చింది. స్ట్రెచర్ మీద మనిషి ఎగశ్వాసతో కొట్టుకుంటున్నాడు.

"నా పేరు నస్రత్ అక్కా. దాచేపల్లి నుంచి వస్తున్నాం. మంచం ఖాళీ అయిందంటగా?"

"లోపలికొద్దమ్మా," అంది రెబ్కా. "మా ఆయన్ని చంపింది కరోనా కాదు, ఈ గది. ఇంకెక్కడికైనా తీసకపో."

"ఇంకెక్కడికి? దారి పొడుగునా లేదు పొమ్మన్నారు. మీ ఆయన పోయాడని మా ఆయన్నీ పొమ్మంటావా?"

రెబ్కా ఆ మనిషి వైపు చూసింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఫలానా చోటికి వెళ్లమని చెప్పడానికి ఒక్క చోటు కూడా తోచలేదు. నస్రత్ ఆమెను పక్కకు నెట్టబోయింది. ఆ అవసరం లేకుండా రెబ్కానే తప్పుకుని, స్ట్రెచర్ లోపలికి పోయేదాకా తలుపు మూసుకోకుండా చేత్తో పట్టుకుంది.