సాలమ్మ వెతికిన పుస్తకం

అనపకాయలు ఒలుస్తూ ఒలుస్తూ సాలమ్మ ఆ మాట అనేసింది.

“నేను గూడ నా సాక్ష్యం రాసుకుందామనుకుంటున్న.”

వాకిట్లో ఎండకు కుర్చీ వేసుకొని పేపరు చదువుతున్న సాల్మన్ అద్దాల పైనుంచి చూశాడు. చూసి నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. చిన్నపిల్లలు పెద్దవాళ్ల చెప్పులు వేసుకుంటే నవ్వుతామే, అలాంటిది.

“నీదేముందే రాసెతందుకు? నేను చెప్పేదాంట్ల నువ్వు ఉండనే ఉన్నవు గద.”

ఉంది. ఆ సంగతి సాలమ్మకు తెలియనిది కాదు. దేవుడు తన బతుకులో ఏం చేశాడో మనిషి చర్చిలో అందరి ముందు నిలబడి చెప్పుకోవడమే సాక్ష్యం. పాలమూరులో వాళ్లుండే కాలనీ చర్చిలోనే కాదు, చుట్టుపక్కల ఊళ్ల కూటాల్లో కూడా సాల్మన్ సాక్ష్యానికి పేరుంది. కోస్గి పక్క ఊళ్లో తాగి తిరిగిన రోజులు, పెళ్లాం పిల్లలను వదిలేసి బొంబాయి కూలికి పోవడం, అక్కడ ఒక స్టేషన్ బయట ఎవరో పాడుతున్న పాట విని కాళ్లు ఆగిపోవడం, అంతలోనే ఊరి నుంచి బిడ్డ చనిపోయిందన్న కబురు రావడం. అక్కడికి రాగానే గొంతు దించుతాడు. “దేవుడు నా బిడ్డను తీసుకొని నన్ను దారికి తెచ్చిండు” అంటాడు. ఆడవాళ్లు కొంగులతో కళ్లు తుడుచుకుంటారు. సాలమ్మ తల దించుకుంటుంది. ఏడుస్తుందనుకుంటారు అందరూ. ఆమె ఏడవదు. ప్రతిసారీ లోపల అదే మాట అడుగుతుంటుంది: ఆయన్ను దారికి తెచ్చుకోవాలంటే ఆయన్ను కొట్టొచ్చు గదా దేవా, నన్నొక్క మాట అడగకుండా నా బిడ్డను ఎట్ల ఖర్చు చేసినవు?

బిడ్డ పేరు సువార్త. సాల్మన్ సాక్ష్యంలో ఆ పేరు రాదు. కొడుకు సతీశ్ అప్పటికి పాలు మరవని పిల్లాడు, వాడికి అక్క గుర్తు లేదు. ఫొటో లేదు. ఈమధ్య సాలమ్మకు చూపు మసకబారుతోంది, పొయ్యి మీద ఏం పెట్టిందో మరచిపోతోంది. రేపు తను పోతే సువార్తను ఎరిగిన మనిషి భూమ్మీద ఉండదు. ఆ పిల్లకు మిగిలేది సాల్మన్ చెప్పే ఆ ఒక్క వాక్యమే. ఆ దిగులు ఎన్నాళ్లుగానో ఆమె గుండెలో బరువుగా కూర్చుంది.

ఎవరు ఇల్లు దాటి పోతున్నా సాలమ్మకు భయమే. సతీశ్ బండి తీస్తే మలుపు దాకా చూస్తూ నిలబడుతుంది. “ముట్టినంక ఫోన్ చెయ్యి బిడ్డా” అంటుంది. “కూరగాయలకు పోతున్నడే, కాశ్మీరుకు కాదు” అని సాల్మన్ ఎగతాళి చేస్తాడు. పోయినవాళ్లకేం తెలుసు? వాళ్ల కళ్లు దారి మీద ఉంటాయి.

రాయాలని ఉంది గానీ ఎట్లా మొదలుపెట్టాలో తెలియదు. ఆమె బడికి పోలేదు. సాల్మన్ బొంబాయిలో ఉన్నప్పుడు, పొద్దంతా కంకర కొట్టి వచ్చి, చర్చి పాటల పుస్తకం ముందు పెట్టుకునేది. పాటలన్నీ నోటికొచ్చు. నోట్లో ఉన్న మాటను పేజీ మీద వేలు పెట్టి వెతుక్కుంటూ, ఇది ‘దే’, ఇది ‘వా’ అని ఒక్కో అక్షరాన్ని పట్టుకుంది. అట్లా చదువు వచ్చింది. మరి దేవునితో గడిచిన బతుకును ఎట్లా రాయాలో నేర్పే పుస్తకం కూడా ఎక్కడో ఒకటి ఉండకపోతుందా?

కోడలు మెర్సీ దవాఖానలో నర్సు. ఆమే ఒకరోజు అత్తను వెంట తీసుకెళ్లి కళ్లు చూపించింది. కొత్త అద్దాలు వచ్చాయి. రెండు గీతల పుస్తకాలు, పెన్సిళ్లు కూడా కొనిపెట్టింది. “అత్తమ్మ పరీక్షకు కూసుంటది” అని నవ్వుతూనే గ్రంథాలయంలో దింపి డ్యూటీకి పోయింది.

అక్కడ పుస్తకాలు ఇచ్చే అమ్మాయి పేరు శ్రీవాణి. సాలమ్మ చెప్పింది విని, భక్తుల చరిత్రలు, గురువుల జీవితాలు, ఆత్మకథలు తీసి బల్ల మీద పెట్టింది. “అన్ని మతాలవి ఉన్నయి అవ్వా. ఫికర్ చెయ్యకు, నిమ్మళంగ చదువుకో” అంది.

వంటకూ బట్టలకూ మధ్య, కుళాయి నీళ్లు వచ్చే ముందు, సాలమ్మ ఆ పుస్తకాలు చదివింది. భాష గట్టిగా ఉన్నచోట పెదవులు కదుపుతూ చదివింది. ఒకాయన భార్య లేవకముందే ఇల్లు విడిచాడు. ఇంకొకాయన తల్లి అన్నం కలిపి పెడితే ముట్టకుండా లేచిపోయాడు. ఆ వాక్యం దగ్గర సాలమ్మ ఆగిపోయింది. ఆయన కొండలెక్కాడు, నదులు దాటాడు, వెలుగు చూశాడు. ఆమె మాత్రం పేజీలు వెనక్కి తిప్పుతూనే ఉంది. ఆ కలిపిన అన్నం ఏమైంది? ఆ తల్లి తిన్నదా, కోళ్లకు వేసిందా? మరునాడు పొద్దున బియ్యం గిన్నెలో పోసేటప్పుడు ఆయనకూ కలిపి పోసి, గుర్తొచ్చి తీసేసిందా? తను అట్లా ఎన్నిసార్లు తీసేసిందో.

పుస్తకాలన్నీ తిరిగి తీసుకుపోయింది.

“ఇంట్ల ఉన్నోళ్లు రాసింది ఒక్కటన్న లేదా బిడ్డా?”

“ఇంట్ల ఉన్నోళ్లంటే?”

“గీళ్లందరు పోయినంక మిగిలినోళ్లు.”

శ్రీవాణి బీరువాలన్నీ వెతికి ఒక భక్తురాలి చరిత్ర తెచ్చింది. సాలమ్మ ఆశగా తెరిచి నాలుగు పేజీలు తిప్పి తల ఎత్తింది.

“గీమె గూడ పాయె.”

“పోయిందా?” శ్రీవాణి నవ్వు ఆపుకోలేకపోయింది. “జర కోపం చెయ్యకు అవ్వా. ఇగ నా దగ్గర లేవు.”

ఆ సంగతి విని మెర్సీ తన పాత ఫోన్ తెచ్చి అత్త చేతిలో పెట్టింది. “గీ మైకు బొమ్మ ఒత్తి మాట్లాడు అత్తమ్మా. అదే రాసుకుంటది. నీకు చెయ్యి నొయ్యదు.”

మరునాడు ఇంట్లో ఎవరూ లేనప్పుడు సాలమ్మ పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుంది. ఎదురుగా ఫోన్. గొంతు సవరించుకొని మొదలుపెట్టింది. ఆశ్చర్యం, మాటలు వాటంతట అవే వచ్చాయి. ఎక్కడా తడుముకోలేదు. చెప్పడం అయ్యేసరికి ఒళ్లంతా తేలికైనట్టు అనిపించింది. ఇంత సులువా అనుకుంది.

సాయంత్రం అందరూ చాయ్ తాగుతుంటే మెర్సీ పైకి చదివింది.

“ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. మాది కోస్గి పక్క ఊరు. నా పెనిమిటి తాగుడుకు బానిసై...”

స్టేషన్ వచ్చింది. పాట వచ్చింది. సాలమ్మ బొంబాయి ఎన్నడూ చూడలేదు, అయినా ఆ స్టేషన్ మెట్లు కూడా వచ్చాయి. కంకర కొట్టిన ఏండ్లు రాలేదు. మెర్సీ చదువుతూనే ఉంది.

“దేవుడు నా బిడ్డను తీసుకొని నా పెనిమిటిని దారికి తెచ్చిండు.”

సాలమ్మ ఫోన్ వైపు చూసింది. అది తన నోరే. తన గొంతే. అన్నేండ్లు తల దించుకొని విన్నది చెవుల్లో ఆగలేదు, లోపలికి దిగి నాలుక కింద గూడు కట్టింది. నోరు తెరిస్తే తన బతుకు కాకుండా ఆయన బతుకు వస్తోంది.

“మంచిగొచ్చింది అత్తమ్మా. అచ్చం మామయ్య చెప్పినట్టే ఉంది” అంది మెర్సీ.

సాల్మన్ మొహం వెలిగింది. “చూసినవా? వచ్చే శుక్రవారం ఉపవాస కూటంల చదివిద్దాం. నేను పాస్టరు అయ్యగారికి చెప్త.”

“తుడిపెయ్యి బిడ్డా” అంది సాలమ్మ.

“అయ్యో, ఎందుకు?”

“తుడిపెయ్యి. అది మీ మామ సాక్ష్యం. ఆయనకు నోటికొస్తది, ఆయన చెప్పుకుంటడు.”

మెర్సీ అత్త మొహం చూసింది. వేలితో తెర మీద ఒత్తింది. సాల్మన్ కప్పు కింద పెట్టాడు.

“దేవుడు చేసిన పనిని తుడుపుతవా సాలమ్మా?”

“బిడ్డను తీసుకున్న అని నీకు దేవుడు చెప్పిండా?”

గొంతు పెద్దది చేయలేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది. సాల్మన్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇన్నేండ్లలో ఈ ప్రశ్న ఏ కూటంలోనూ ఎవరూ అడగలేదు.

“మరి ఎవరు తీసుకున్నరు?” అన్నాడు.

“దవాఖానకు పోదామంటే వాగు నిండింది. బస్సు రాలే. నువ్వు లేవు.”

మెర్సీ కప్పులు తీసుకొని లోపలికి పోయింది. సాల్మన్ వాకిలి వైపు చూస్తూ కూర్చున్నాడు. సాలమ్మకు ఆయన మీద కోపం రాలేదు, జాలీ రాలేదు. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి గుర్తొచ్చింది. బిడ్డను పూడ్చిన సాయంత్రం ఇంట్లో నీళ్లు లేవు. సతీశ్‌ను చంకనేసుకొని బిందె పట్టుకొని బోరింగు దగ్గరికి పోయింది. కొట్టే బలం లేక గట్టు మీద కూలబడింది. అప్పుడు పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టు అయింది. వెలుగు లేదు, పాట లేదు. ఆ వచ్చినాయన ఇట్లా ఎందుకు జరిగిందో చెప్పలేదు, ఓదార్చలేదు. ఏడ్చి ఏడ్చి అలసిన మనిషి కూర్చున్నట్టు ఊరికే కూర్చున్నాడు. బిడ్డను తీసుకున్నవాడైతే అట్లా వచ్చి కూర్చోడు. ఆమెకు దేవుడు తెలిసింది అక్కడ. సభల్లో చెప్పడానికి అందులో ఏమీ లేదని ఇన్నాళ్లూ అనుకుంది.

తెల్లవారి సాలమ్మ గీతల పుస్తకం తెచ్చుకొని వంటింటి గడప మీద కూర్చుంది. నోటికి ఆయన మాటలు అలవాటయ్యాయి గానీ చేతికి ఎవరి మాటలూ అలవాటు కాలేదు. ఒక్కో అక్షరమూ చెయ్యి ఎరిగి రాయాల్సిందే. పెన్సిలు పట్టుకుంటే వేళ్లు నొప్పి పుట్టాయి. పుట్టనీ అనుకుంది.

“ఏమే, చాయ్ పెట్టలేదా?” వాకిట్లోంచి సాల్మన్ అడిగాడు.

“పాలు గిన్నెల ఉన్నయి. నీకూ పెట్టుకో, నాకూ పెట్టు.”

కుర్చీ జరిగిన సవ్వడి. తర్వాత చెప్పులు విడిచిన సవ్వడి, ఆమె పక్కనుంచి ఒదిగి లోపలికి వెళ్లిన సవ్వడి, చక్కెర డబ్బా ఏదో తెలియక ఒక్కో మూతా తీస్తున్న సవ్వడి. సాలమ్మ లేవలేదు. వందనాలు రాయలేదు. కోస్గి రాయలేదు. పెనిమిటి పేరు రాయలేదు. పేజీ మీదికి వంగి, పెదవులు కదుపుతూ, మెల్లగా రాసింది:

“నా బిడ్డ సువార్త ఎవల్ని మార్చెతందుకూ పుట్టలే. అన్నం ముందట కూసొని, ప్రార్థన అయిపోకముందే ఆమేన్ అనేది.”