మొదటి నీళ్లు

అయినా తిప్పమన్నది చర్చి అయ్యగారు, తిప్పింది చెయ్యి, మధ్యలో తనెక్కడున్నాడు అని వెస్లీ మళ్లీ మొదటికొచ్చాడు. రెండు రోజులుగా ఇదే వాదన. పళ్లు తోముకుంటున్నప్పుడు, బస్సులో నిలబడినప్పుడు, ఇప్పుడు లాడ్ బజార్ వెనక గల్లీలో ఇనుప మూత ఎత్తి, పొడుగు కడ్డీ లోపలికి దించి వాల్వ్ తిప్పుతున్నప్పుడు కూడా. పన్నెండేళ్లుగా ఈ గల్లీలకు నీళ్లు వదిలేది అతనే.

మెట్టు మీద కూర్చున్న సక్కుబాయి ఇంకా నల్లా కింద బిందె పెట్టలేదు. మోరీలోకి పోతున్న ఎర్రటి నీళ్లను చూస్తోంది.

"ఏంది వెస్లీ, లంకకు పోయినవంట. రావణుడు బాగున్నడా?"

"బాగనే ఉన్నడమ్మా."

"ఆడ గుడ నీళ్లు ఇడిసినవా?"

"ఇడిసిన."

"మంచిగ చేసినవ్ బిడ్డా. పుణ్యం వస్తది."

నీళ్లు తేటపడ్డాక, దోసిట్లో పట్టి వాసన చూశాక, అప్పుడు పెట్టింది బిందె. ఈ గల్లీలో ఎవరికీ చెప్పనక్కర్లేని సంగతి. మొదటి నీళ్లు మోరీకి.

లంకలో వాళ్లకు అది తెలియదు. కొండ మీది తేయాకు తోటలో కూలీలు, ఊట నీళ్లు తాగి పెరిగినవాళ్లు. తుఫానుకు కొండచరియ విరిగి ఊట పూడిపోయింది. సైదాబాద్ చర్చి నుంచి తొమ్మిది మంది సాయానికి వెళ్లారు. ఎనిమిది మంది బియ్యం, దుప్పట్లు పంచారు, పాటలు పాడారు. పైపుల పని తెలిసినవాడు వెస్లీ ఒక్కడే. తోట ట్యాంకు నుంచి ఇళ్ల దాకా ఆరు రోజుల్లో కొత్త లైను వేశాడు. కానీ ట్యాంకులోకి వరద బురద చేరింది. దాన్ని కడగాలి, మందు కలపాలి, రెండు రోజులు నీళ్లు పారబోయాలి. ఆ మాట అయ్యగారికి చెప్పాడు కూడా.

"రెండు రోజులా బ్రదర్? రేపు పొద్దున్నే మన ఫ్లైటు కదా. ప్రార్థన చేసి తెరిచేద్దాం. ప్రభువు చూసుకుంటాడు."

అప్పుడు కాదనొచ్చు. అయ్యగారి మీద గౌరవంతోనే కాదనలేకపోయానని నిన్నంతా నమ్మాడు. ఈ ఉదయానికి ఆ నమ్మకమూ ఊడిపోయింది. ఆ రోజు ఊరంతా గుండ్రంగా నిలబడి కళ్లు మూసుకుంది, అతని చెయ్యి కదలడం కోసం. పన్నెండేళ్లలో అతను వాల్వ్ తిప్పుతుంటే ఎవరూ కళ్లు మూసుకోలేదు. ఆలస్యమెందుకైందని తిట్టారంతే. ఆ ఒక్క నిమిషం తనకు కావాలనిపించింది. అంతకన్నా ఏమీ లేదు.

నీళ్లు మసకగానే వచ్చాయి. అందరికంటే ముందు బిందె పట్టింది పుష్పరాణి అనే కూలి మనిషి. ఆమె కూతురి చేతికి అయ్యగారు మొదటి గ్లాసు ఇచ్చారు. పాప తాగుతుంటే ఫోటో తీశారు.

మొన్న శుక్రవారం ఆ ఊరి యోగరాజు నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. దుబాయ్‌లో పనిచేసి వచ్చినవాడు, హిందీ మాట్లాడతాడు. ఇరవై మందికి వాంతులు, విరేచనాలు. ఆ పాపకు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తున్నారు. పుష్పరాణి బిందె సరిగ్గా తోమలేదని, ఆ బిందె నుంచే జబ్బు పాకిందని ఊరంతా ఆమెనే అంటోంది. అత్త వంటింట్లోకి రానివ్వడం లేదు. అందరూ బిందెలు బూడిదతో తోమి, మళ్లీ ఆ నీళ్లే పడుతున్నారు. మీరింత కష్టపడి నీళ్లిస్తే మావాళ్లు ఇలా చేశారు భాయ్, అయ్యగారికి చెప్పకు, బాధపడతారు అన్నాడు చివర్లో.

వెస్లీ జవాబుగా చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపాడు.

పదింటికి చర్చిలో సాక్ష్యాలు మొదలయ్యాయి, లంకకు వెళ్లొచ్చినవాళ్లు ఒక్కొక్కరూ దేవుడు చేసిన మేలు చెప్పడం. తెర మీద ఆ ఫోటో వేశారు. ముందు వరుసలో అతని భార్య రూప పక్కావిడతో, "గా లైను మా ఆయనే ఏసిండు" అంటోంది. అయ్యగారు మైకు అందించారు.

"నేను వాల్వ్ తెరవొద్దుండె," అన్నాడు వెస్లీ. "ట్యాంకుల నీళ్లు మంచిగ లేకుండె. నాకెరుకే. ఎరుకుండే తెరిచిన. గా పాప ఇప్పుడు దవాఖానల ఉంది. గా ఊరోళ్లు ఇంకా గవే నీళ్లు తాగుతుండ్రు."

అయ్యగారు మెల్లగా మైకు తీసుకుని, అతని భుజం మీద చెయ్యి వేశారు.

"చూశారా, మన బ్రదర్ తనను తాను ఎంతగా తగ్గించుకుంటున్నారో. మేలంతా దేవునిది, తప్పంతా నాది అంటున్నారు. ఆ చిన్నబిడ్డ స్వస్థత కోసం అందరం కళ్లు మూసుకుందాం."

అందరూ కళ్లు మూసుకున్నారు. వెనక ఎవరో వెక్కారు. ఆమెన్ అన్నాక చప్పట్లు కొట్టారు.

వెస్లీకి అసహ్యం వేసింది చప్పట్ల మీద కాదు, తన మీద. తనకు హాయిగా ఉంది. ఒళ్లు తేలికైంది. ఇక్కడ ఎంత చెప్పినా తన నుంచి ఏమీ పోదు, అందుకే ఇక్కడ చెప్పగలిగాడు. అక్కడివాళ్లకు చెప్పాల్సినప్పుడు చేతులు జోడించిన బొమ్మ పంపి ఊరుకున్నాడు.

బయటికి నడిచాడు. రూప వెనకే వచ్చింది.

"ఎటు పోతున్నవ్? గంత మంచిగ చెప్పినవ్, అందరు ఏడుస్తుండ్రు లోపట."

"నువ్వు నమ్మినవా నేను చెప్పింది?"

"అయ్యగారు చెప్పిండు కదా, తగ్గించుకున్నవని."

"జెర ఆగు రూపా."

చెప్పుల వరుస దాటి గేటు పక్కన నిలబడి ఫోన్ తీశాడు. రాస్తే మాటలు దిద్దుకుంటానని తెలుసు. ఆ ఊళ్లో ట్యాంకు మీద సున్నంతో తన పేరు రాశారు. ఇది విన్నాక ఎవరో నిచ్చెన వేసుకుని ఆ పేరు చెరిపేస్తారు. అలా చెరిపేయడం కళ్లకు కట్టింది. మైకు గుర్తు మీద వేలు నొక్కి పట్టుకున్నాడు.

"యోగరాజ్ భాయ్, బిందె కీ గల్తీ నై. పానీచ్ ఖరాబ్ థా. మేరేకు మాలూమ్ థా."

తప్పు బిందెది కాదని, నీళ్లే చెడ్డవని, అది తనకు ముందే తెలుసని చెప్పాడు. ఆ నీళ్లు తాగొద్దన్నాడు. ట్యాంకు ఎలా కడగాలో చెప్పాడు. ఇది పుష్పరాణి అత్తకు వినిపించమన్నాడు. ఇంకేదైనా కలపాలనిపించింది, అయ్యగారి పేరు నాలుక చివరి దాకా వచ్చింది.

ఆ పేరు పలకకుండానే వేలు తీసేశాడు. మెసేజ్ వెళ్లిపోయింది.