గోల్కొండ దాకా

వెనక సీట్ల కింద చిక్కుకున్న పల్లీ పొట్టును భూదవ్వ పొరకతో ముందుకు లాగుతోంది. పోయిన ఆదివారం ట్రిప్పులో ఎవరో కక్కిన మరక ఇంకా పోలేదు. మోకాళ్ల మీద కూర్చుని తడిగుడ్డతో మరోసారి రుద్దింది. ఎడమచేతి చివరి రెండు వేళ్లు వంగవు కాబట్టి గుడ్డను తొడకు అదిమిపెట్టి కుడిచేత్తోనే పిండుకోవాలి. బయట ఎల్లారెడ్డి బస్టాండు ముందు చాయ్ బండి పొయ్యి అప్పుడే అంటుకుంది. తూర్పున వెలుగు వస్తోంది.

అది ఒక ప్రైవేటు ట్రావెల్స్ వాళ్ల బస్సు. ఒకవైపు చార్మినార్ బొమ్మ, ఇంకోవైపు గోల్కొండ బొమ్మ, వెనక అద్దం మీద 'ఒక్కరోజులో హైదరాబాదు' అని పసుపు అక్షరాలు. ప్రతి ఆదివారం ఎల్లారెడ్డిలో బయలుదేరి, లింగంపేటలో కొందరిని, కామారెడ్డిలో కొందరిని ఎక్కించుకుని, పట్నం చూపించి, సాయంత్రం మళ్లీ ఎవరి ఊళ్లో వాళ్లను దింపుతుంది. నడిపేది ఏసయ్య. మిగతా పనంతా భూదవ్వది. ఊడవడం, నీళ్ల డబ్బాలు నింపడం, కడుపులో తిప్పుతుందన్న వాళ్లకు నిమ్మకాయ చేతికివ్వడం, ముసలివాళ్లను రెక్క పట్టి దింపడం. గోల్కొండ దగ్గరా జూపార్కు దగ్గరా జనమంతా దిగిపోయాక సంచులకు కాపలా ఉండాల్సింది కూడా ఆమే. అందుకే తొమ్మిదేళ్లుగా ప్రతి వారం వెళ్తున్నా ఆమె గోల్కొండ లోపల అడుగు పెట్టలేదు. లోపల ఏముందని ఎవరైనా అడిగితే, రాళ్లు ఉన్నాయట, అని చెప్పేది.

మాట్లాడేవాళ్లు ఆమె కుడివైపుకు వచ్చి మాట్లాడాలి. ఎడమ చెవి వినపడదు. మొగుడు పర్శరాములు రైసుమిల్లులో హమాలీ. క్వింటాలు బస్తాను ఒక్క ఊపుతో వీపు మీదకు ఎత్తుకునే చెయ్యి అది. ఆ చేత్తో ఒకనాడు అన్నం ముందు కూర్చున్న ఆమె చెంప మీద కొట్టాడు. కూర చప్పగా ఉందని. ఆ రోజు మొదలు ఆ చెవిలో బియ్యం చెరుగుతున్న చప్పుడు తప్ప ఇంకేదీ లేదు. వేళ్ల సంగతి దానికి ముందరిది. ఆమె బయటికి పరుగెత్తబోయి గుమ్మం పట్టుకుంటే అతను తలుపు గుంజి మూశాడు. వేళ్లు మధ్యలో ఉన్నాయని తెలిసే మూశాడు. అతను పోయి పన్నెండేళ్లవుతోంది. చుట్టాలు ఏడవమని వీపు మీద తట్టారు గాని ఆమెకు ఏడుపు రాలేదు.

కూతురు రమ విషయంలో మాత్రం ఆమె ఆగకుండా ఏడ్చింది. కాని అంతా అయిపోయిన తర్వాత.

ఆ ఉదయం బస్సు బయలుదేరే వేళకు ఒక ఆడమనిషి ఆరేడేళ్ల పాపతో వచ్చింది. పేరు సాయిలత అని చీటీలో ఉంది. ముఖానికి స్కార్ఫు కట్టుకుంది. చేతిలో ఒక్కరోజు ప్రయాణానికి అక్కరలేనంత పెద్ద సంచి. పాప వీపున బడి బ్యాగు. ఆదివారం పూట పుస్తకాలు ఎందుకని భూదవ్వ అనుకుంది. సంచి అందుకోబోతుంటే స్కార్ఫు జారి మెడ కనిపించింది. ఒక పక్క నాలుగు వేళ్లు, ఇంకో పక్క బొటనవేలు. నీలం రంగు తిరిగి, అంచుల్లో పసుపు పచ్చబడి ఉన్నాయి. అట్లాంటి గుర్తు ఎన్నో రోజుదో భూదవ్వ చూసి చెప్పగలదు. నాలుగో రోజుది.

వాళ్ల సీట్లు చివరన ఉన్నా డ్రైవరు వెనక తాను కూర్చునే సీటు చూపించింది.

"ఆ సంచి డిక్కీల వెయ్యకు బిడ్డా. కాళ్ల కాడ పెట్టుకొని గీడ కూసో."

లింగంపేట దాటాక సాయిలత తనంతట తానే మెల్లగా చెప్పింది. మొగుడు మహిపాల్ ట్రాక్టర్లు బాగుచేస్తాడు. రాత్రి తాగి పడుకున్నాడు. లేచే లోపల దూరం పోవాలి. మామూలు బస్సెక్కితే కండక్టర్లందరూ అతనికి తెలిసినవాళ్లే. పట్నం చూడబోయే బస్సులో వెతకడని ఇది ఎక్కింది. అక్క లంగర్‌హౌస్‌లో బట్టలు కుడుతుంది. పది గంటలకు గోల్కొండ దగ్గరికి వస్తుంది. అక్కడిదాకా పోతే చాలు. ఇవన్నీ భూదవ్వ కుడిచెవి ఒగ్గి విన్నది. విన్నంతసేపూ పాప జడకు ఊడిపోయిన రబ్బరు బ్యాండు వేస్తూ ఉంది.

కామారెడ్డిలో స్టేషను రోడ్డు పక్కన బస్సు పావుగంట ఆగుతుంది. ఏసయ్య చాయ్‌కి పోయాడు. సగం మంది దిగారు. భూదవ్వ వెనక టైరు దగ్గర నల్లా కింద డబ్బా పెట్టి నింపుతోంది. మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది ఆమె ఎడమవైపు. అందుకే వినలేదు. పాప అరుపు మాత్రం వినిపించింది.

మహిపాల్ అప్పటికే లోపల ఉన్నాడు. ఊళ్లో ఎవరో చూసి ఫోను చేశారట, అది తర్వాత తెలిసింది. సాయిలత జడను రెండు చుట్లు చేతికి చుట్టుకుని సీట్ల మధ్య నుంచి లాగుతున్నాడు. ఆమె రెండు చేతులతో సీటు కడ్డీ పట్టుకుంది. అతను ఆమె తలను ఆ కడ్డీకేసి కొట్టాడు. ఒకసారి కాదు. రెండోసారికి ముక్కు నుంచి రక్తం స్కార్ఫు మీదకు జారింది. పాప అతని చెయ్యి కొరికింది. అతను చూడకుండానే కాలితో తన్నాడు. పాప పోయి ఇంజను పెట్టె మీద పడింది.

"దిగవే. ఇంటికి నడువు. ఇంటికాడ చెప్త నీ సంగతి."

బస్సులో ఇరవై మంది ఉన్నారు. ఎవరూ లేవలేదు. నర్సింహులు అనే పెద్దమనిషి, చేతిలో అప్పుడే విప్పిన ఇడ్లీ పొట్లంతో, పక్కవాళ్లకు వినపడేట్టు అన్నాడు: "ఆలుమగల లొల్లి. మనమెందుకు నడుమ పోవాలె."

భూదవ్వ మెట్లెక్కి వెనకనుంచి మహిపాల్ అంగీ పట్టుకుంది. అతను మోచేత్తో ఆమె ఛాతీ మీద పొడిచాడు. ఆమె మెట్ల మీదుగా వెల్లకిలా రోడ్డు మీద పడింది. మోచెయ్యి చెక్కుకుపోయింది. ఊపిరి తిరగడానికి కాస్త సేపు పట్టింది. లేచి నిలబడి, వెనక టైరు కింద అడ్డం పెట్టిన కట్టెమొద్దు గుంజుకుంది. తుమ్మకట్టె. ఆ బరువును ఆమె ప్రతి ట్రిప్పులో కాలితో జరుపుతుంది. ఇప్పుడు రెండు చేతులా ఎత్తి మళ్లీ మెట్లెక్కింది. వంగని వేళ్లు కూడా పట్టుకున్నాయి.

మొదటి దెబ్బ అతని మణికట్టు మీద పడింది. ఎముక చప్పుడు అందరూ విన్నారు. జడ వదిలేశాడు. నడుముకు దోపుకున్న ట్రాక్టర్ పానా ఇంకో చేత్తో తీసి తిప్పి కొట్టాడు. ఆమె ఎడమ చెవికి రెండు వేళ్ల పైన తగిలింది. అటువైపు ఆమెకు ఎప్పుడూ ఏదీ వినపడదు కదా, ఆ దెబ్బ కూడా ఎవరికో తగిలినట్టు దూరంగా అనిపించింది. తూలింది. పడలేదు. కట్టెమొద్దు అతని మోకాలి చిప్ప మీద దించింది. అతను కేక వేసి మెట్ల మీద నుంచి కిందికి దొర్లాడు.

అప్పుడు ఆగిపోయి ఉంటే సరిపోయేది. ఆమె ఆగలేదు. కిందికి దిగి తొడల మీద, నడుము మీద, అడ్డం పెట్టిన చేతుల మీద కొట్టింది. అతను అమ్మా అన్నాడు. ఆమెకు అది వినపడుతూనే ఉంది. కొట్టింది. కళ్ల ముందు పర్శరాములు ఉన్నాడు, బీర్కూర్‌లో ఉన్న అల్లుడు ఉన్నాడు, వాళ్లిద్దరి వెనక ఇంకెవరో నిలబడి ఉన్నారు. ఆ మూడో ముఖం తనదేనని ఆమెకు తెలిసిన క్షణాన చెయ్యి సడలింది. అప్పటికి ఏసయ్య పరుగెత్తుకొచ్చి ఆమె నడుము చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాడు.

చాయ్ తాగుతున్నవాళ్లు మూగారు. మహిపాల్ కుంటుకుంటూ లేచి, అందరినీ బూతులు తిడుతూ, ఊళ్లోనుంచి మనుషులను తెస్తానని చెప్పి ఒక్క చేత్తో బండి నడుపుకుంటూ పోయాడు. ఎవరూ ఆపలేదు.

ఏసయ్య భూదవ్వ తల వంచి చూశాడు. రక్తం పెద్దగా లేదు. నిమ్మకాయంత బొప్పి కట్టింది.

"అవ్వా, దవఖానకు పోదాం. అటెన్క ఠాణాకు పోదాం."

"ఠాణాకు పోతే పొద్దుగూకుతది. వాడు మనుషులను తోల్కొని వస్తడు. ముందుగాల ఈ పిల్లను గోల్కొండ దాకా తీసుకపో. నాకేం కాలే."

ఏసయ్య మిగతావాళ్ల వైపు చూశాడు. అనసూయమ్మ అనే ఆమె, రిటైరైన అంగన్‌వాడీ టీచరు, తన నీళ్ల సీసా తెచ్చి సాయిలత ముక్కు కడగడం మొదలుపెట్టింది. నర్సింహులు ఇడ్లీ పొట్లం మళ్లీ కట్టేసి సంచిలో పెట్టుకున్నాడు. బస్సు కదిలింది.

గోల్కొండ చేరేటప్పటికి ఎండ ముదిరింది. జనం కోట ఎక్కడానికి పోయారు. సంచుల దగ్గర భూదవ్వ, ఆమె పక్కన సాయిలత, పాప మిగిలారు. పాప కిందికి దిగి సోడా బండివాడిని అడిగి ఐసునీళ్లలో తన చేతిరుమాలు తడిపి తెచ్చింది. దాన్ని నాలుగు మడతలు వేసి భూదవ్వ బొప్పి మీద పెట్టి పట్టుకుంది. రుమాలు మీద పసుపు బాతు బొమ్మ ఉంది. చల్లటి నీళ్లు మెడ మీదుగా రవికలోకి కారుతుంటే భూదవ్వ కళ్లు మూసుకుంది.

సాయిలత ఏడ్చింది. తన మూలంగా ఇంత దెబ్బ తిన్నదని, ఏ జన్మలో తీర్చుకోవాలని ఏదో అంటోంది. భూదవ్వ చాలాసేపు విని, తర్వాత చెప్పింది. తొమ్మిదేళ్లలో ఎవరితోనూ చెప్పని మాట అది.

"నాకొక బిడ్డ ఉండె. రమ. మొగుడు కొడుతున్నడని మూడుసార్లు నా తానికి వచ్చింది. అందరి ఇండ్లల్ల గింతే అని మూడుసార్లు నేనే బస్సెక్కించిన. ఆఖరుసారి అది కిటికీలకెల్లి నా చెయ్యి ఇడువలే. బస్సు కదులుతున్నా ఇడువలే. నేనే గుంజుకున్న."

తన అరచెయ్యి చూసుకుని మళ్లీ అంది: "పద్దెనిమిది దినాలకు సచ్చిపోయిందని ఫోను వచ్చింది. పోయి చూస్తే మూతి పగిలి ఉండె. జారి పడ్డదన్నరు. నేను ఏమనలే."

సాయిలత ఆమె చేతిని, వంగని వేళ్లతో సహా, తన రెండు చేతుల్లోకి తీసుకుంది. పాప రుమాలు తిరగేసి చల్లగా ఉన్న వైపు పెట్టింది.

పది దాటాక అక్క ఆటోలో వచ్చింది. బక్కగా, చెల్లెలి పోలికే. చెల్లెలి ముఖం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆసుపత్రికి రమ్మని ముగ్గురూ బతిమాలారు. సంచులు ఎవరు చూస్తారని భూదవ్వ అడిగింది. ఆటో ఎక్కుతున్న సాయిలతకు ఒక్క మాట చెప్పింది: "ఎవ్వలు ఫోను చేసినా రానని చెప్పు. నీ తల్లి చేసినా సరే."

ఆటో మలుపు తిరిగేదాకా చూసి వెళ్లి తన సీట్లో కూర్చుంది.

మధ్యాహ్నం చార్మినార్ దగ్గర రెండుసార్లు వాంతి చేసుకుంది. ఎండ అని చెప్పింది. అనసూయమ్మ సోడా కొని తాగించింది. దవఖానకు పోదామని ఏసయ్య మళ్లీ అడిగితే రేపు ఎల్లారెడ్డిలోనే చూపించుకుంటానంది. జూపార్కు దగ్గర ఎవరి సంచి ఎవరిదో తడబడింది. ఎన్నడూ అట్లా కాలేదు. ఒక ముసలావిడ రెక్క పట్టుకుని ఎక్కిస్తూ ఆమెను రమా అని పిలిచింది. ముసలావిడ పలికింది.

తిరుగు దారిలో తూప్రాన్ దాటాక కిటికీకి తల ఆనించి పడుకుంది. గురక వినిపించింది. అలసిపోయిందని ఏసయ్య పాటలు ఆపేశాడు. పొలాల మీద ఎర్రటి ఎండ పడుతోంది. నీళ్లు కట్టిన మడుల్లో ఆ ఎరుపు బస్సుతో పాటు పరుగెత్తింది. రామాయంపేట దగ్గర ఎప్పుడో గురక ఆగింది. ఇంజను చప్పుడులో ఎవరూ గమనించలేదు.

కామారెడ్డిలో దిగాల్సినవాళ్లు లేచారు. దిగేవాళ్లకు రెక్క అందించడానికి తలుపు దగ్గర ఆమె లేదు. అనసూయమ్మ లేపబోయి చేతిని తాకింది. తాకిన చేతిని వెనక్కి తీసుకోకుండా అక్కడే ఉంచి, ఏసయ్యను పిలిచింది.

అతను బస్సును నేరుగా పెద్దాసుపత్రికి తోలాడు. దారిలో తమ స్టాపు వచ్చిందని ఎవరూ అనలేదు. పుర్రె లోపల రక్తం గడ్డకట్టిందని, పొద్దున్నే తెచ్చి ఉంటే బతికేదని డాక్టరు చెప్పాడు. ఏసయ్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని రెండు చేతులతో తల కొట్టుకున్నాడు.

మహిపాల్‌ను ఆ రాత్రే ఎల్లారెడ్డి దవఖానలో, చేతికీ మోకాలికీ కట్లతో పడుకుని ఉండగా పట్టుకున్నారు. ఎదురుగా చూసినవాళ్లు ఎవరని పోలీసులు అడిగితే అందరికన్నా ముందు నర్సింహులు లేచి నిలబడ్డాడు. అంతా చెప్పాడు. తాను లేవలేదన్నది కూడా చెప్పాడు.

బస్సును వారం రోజులు ఠాణా ఆవరణలో ఉంచారు. అద్దాలు మూసి ఉన్నాయి. డ్రైవరు వెనక సీటు కడ్డీ మీద చిన్న చేతిరుమాలు ఉంది, నాలుగు మడతలు వేసినది, ఆమె తల మీద ఉన్న వంపుతోనే ఎండి బిర్రబిగిసి, పసుపు బాతు పైకి కనిపిస్తూ.